తాళం తనంతట తానే పడుతుందా?

ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్లే మెట్రో అయినా, మరే ఊరి మెట్రో అయినా, రైలు ఎంతవరకు దానంతటదే నడుస్తుందో చెప్పడానికి సున్నా నుంచి నాలుగు వరకు మెట్లున్న ఒక అంతర్జాతీయ కొలబద్ద ఉంది. అందులో రెండో మెట్టు అంటే వేగాన్నీ ఆగడాన్నీ యంత్రమే చూసుకుంటుంది గాని, తలుపులు వేయడం, బయలుదేరమని మీట నొక్కడం, ఆపద వస్తే స్పందించడం డ్రైవరు చేతిలోనే ఉంటాయని అర్థం. రైల్లో ఎన్ని కంప్యూటర్లు అమర్చారని అడగకుండా ఏ పని ఎవరి చేతి మీదుగా జరుగుతోందని అడగడమే ఈ కొలబద్దలోని తెలివి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైళ్లు తిరగడం మొదలైంది. ఆ పట్టాల నీడనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు తమ సమాచార భద్రత గురించి కూడా ఇదే ప్రశ్న వేసుకోవచ్చు.

సమాచార భద్రత అంటే సమాచారం పరాయివాళ్ల కంట పడకుండా, ఎవరూ మార్చేయకుండా, కావలసిన వేళకు అందేలా కాపాడుకోవడం. అందుకు చేసే ఒక్కొక్క ఏర్పాటును నియంత్రణ అంటారు. ఈ రంగంలో అందరూ ఆధారపడే ఐఎస్‌ఓ 27001 ప్రమాణం 2005 కూర్పులో 133 నియంత్రణలు ఉండగా, 2022 కూర్పులో వాటిని కలిపి, కుదించి 93కు తెచ్చారు. ఇలాంటి జాబితాలను పరిశీలించిన రేడెల్ మోంటెసినో, స్టెఫాన్ ఫెంజ్ అనే పరిశోధకులు సుమారు 30 శాతం నియంత్రణలను మాత్రమే యంత్రానికి అప్పగించవచ్చని 2011లో తేల్చారు. ఉద్యోగిని చేర్చుకునే ముందు వాకబు చేయడం, ఏ బాధ్యత ఎవరిదో నిర్ణయించడం, ఒప్పందం రాసుకోవడం వంటివి మనుషులే చేయాలి. కాబట్టి నూటికి పాతిక నియంత్రణలను స్వయంచాలకం చేసుకున్న సంస్థ పావు దూరం నడిచినట్టు కాదు, ఆ లెక్కన దాదాపు గమ్యానికి చేరినట్టే. హారం చెప్పకుండా లవం ఒక్కటే చెబితే ఆరో తరగతి పిల్లలు కూడా ఒప్పుకోరు గాని, సాఫ్ట్‌వేర్ అమ్మకాల కరపత్రాల్లో అటువంటి శాతాలు నిర్భయంగా చలామణి అవుతుంటాయి.

అసలు కొలవవలసింది నియంత్రణల సంఖ్యను కూడా కాదు, ఒక్కొక్క నియంత్రణలో ఉండే గుర్తించడం, నిర్ణయించడం, పని పూర్తిచేయడం, నమోదు చేయడం అనే లంకెలను. కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పే ఫ్యాకల్టీ ఒకరు మానేసి రోడ్డుకు అవతలి సెంటర్లో చేరడం ఈ వ్యాపారంలో మామూలే. ఆయన వేలిముద్ర పడలేదన్న సంగతి హాజరు యంత్రానికి మర్నాటి ఉదయమే తెలుస్తుంది, జీతంలో కోత లెక్క కూడా అదే కట్టిపెడుతుంది. అయితే అడ్మిషన్ల జాబితా, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ప్రశ్నపత్రాలు ఉన్న సాఫ్ట్‌వేర్లో ఆయన లాగిన్ మాత్రం, అకౌంటెంటుకు గుర్తొచ్చి, సిస్టమ్స్ చూసే కుర్రాడికి ఫోన్ చేసి, అతను శనివారం తీరిక చేసుకుని వచ్చేదాకా బతికే ఉంటుంది. మొదటి లంకె పూర్తిగా యంత్రానిది, తక్కినవి మనుషుల జ్ఞాపకశక్తివి. పాస్‌వర్డ్ మానిటరు అంచున చీటీ మీద రాసి అందరూ దాన్నే వాడే చోట తీసేయడానికి విడిగా లాగిన్ అనేదే ఉండదు గనుక, అక్కడ కొలతకు దిగడమే వృథా.

లంకెల మధ్య ఖాళీ ఎంత ఖరీదైనదో ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు ఉదంతంలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన వివరాలు చెబుతాయి. 2021 నవంబరులో సిబ్బందికి వచ్చిన మోసపు మెయిళ్ల ద్వారా లోపలికి చొరబడిన దుండగులు, 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా తరలించారు. చొరబాటును పసిగట్టి ఆపే వ్యవస్థ అక్కడ లేదని దర్యాప్తులో తేలింది. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. ఇక్కడ కొలవవలసిన అంకె పన్నెండు కోట్లు కాదు, దొంగ లోపల అడుగుపెట్టిన రోజుకూ ఆ సంగతి ఇంటివారికి తెలిసిన రోజుకూ మధ్య గడిచిన ఆ రెండు నెలల పైచిలుకు కాలం. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లను, అంటే కంప్యూటర్లు తమంతట తాము రాసుకునే దినచర్యను, 180 రోజులు భద్రపరచాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది గాని, తెలియడానికే నెలలు పట్టే చోట ఆరు గంటల గడువు మొదలయ్యేదెప్పుడు?

అలాగని ప్రతి లంకెనూ యంత్రానికి వదిలేయడమూ తెలివి కాదు. పరీక్షా ఫలితాలు వెలువడిన రోజు అందరూ ఒక్కసారిగా లాగిన్ కాబోతే, దాన్ని దాడిగా భ్రమించి మొత్తం తలుపులు మూసేసే యంత్రం దొంగకంటే పెద్ద నష్టం చేయగలదు. అటువంటి చోట రెండో మెట్టు మీద ఆగి, మీట మనిషి చేతిలో ఉంచుకోవడమే మేలు.

ఈ కొలత మొదలుపెట్టడానికి ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కరలేదు. మానేసిన ఉద్యోగి పేరు ఎదుట ఆయన చివరి పనిదినం ఒక గడిలో, లాగిన్ తీసేసిన తేదీ పక్క గడిలో రాస్తే చాలు. కోఠిలో దొరికే మామూలు లెడ్జరు పుస్తకం అందుకు సరిపోతుంది, రెండో గడి నెలల తరబడి ఖాళీగా ఉన్న పేర్లు ఎన్నో మొదటి పేజీలోనే కనిపిస్తాయి.