జాడ తెలిసినవాడే వేటగాడు

‘ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ’లో సీసా పట్టుకుని నడిచిన బుష్‌మన్‌ని చూసి మనం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆయన జాతివాళ్లు కలహారి ఇసుకలో నక్క జాడ తీస్తుంటే చూసినవాడెవడూ నవ్వడు, చేతులెత్తి మొక్కుతాడు.

మొదట చూసేది గోళ్లు. నల్లవీపు నక్క అడుగు సన్నం, ముందు గోళ్ల గాట్లు పడతాయి. కారకల్ పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి గాటుండదు. హనీ బ్యాడ్జర్‌కైతే వేళ్లు ఐదు, ముందుకాళ్ల గోళ్ల గుర్తులు వేళ్లకు బాగా ఎడంగా పడతాయి. తర్వాత జాడ వయసు. అంచు పదునుగా ఉంటే తాజాది, గాలికి అరిగితే పాతది. రాత్రి తిరిగే పురుగు గీత అడుగు మీదుగా పోతే, పురుగు కంటే ముందే నక్క వెళ్లిపోయిందన్నమాట. వేటగాడు కాళ్లకింద చూడడు. ఏటవాలు ఎండకు ఎదురుగా నిలబడి నీడల్ని బట్టి నాలుగు బారల ముందు చూస్తాడు. జాడ తెగిపోతే తనే నక్కవుతాడు: ‘నేనైతే ఎటు పోతాను?’

విల్లు, పురుగు లార్వా విషం పూసిన బాణం, నక్కతోళ్ల దుప్పటి గురించి అందరూ రాస్తారు. అసలు ఆయుధం కన్ను. 2013లో నమీబియా నుంచి ముగ్గురు జాడకారుల్ని ఫ్రాన్సు గుహలకు తీసుకెళ్లారు. వేల ఏళ్లనాటి మడమ గుర్తుల్ని పండితులు ఏదో నృత్యమనుకుంటుంటే, వీళ్లు చూసి ఓ పెద్దాయన, ఓ కుర్రాడు మట్టి తెచ్చుకోవడానికి వచ్చారని తేల్చేశారు! దక్షిణాఫ్రికా కరూలో చదువు రాని జాడకారుడు కరెల్ బెనాడీ లాంటివాళ్ల కోసమే, జాడ విద్యను పరిశోధించిన లీబెన్‌బర్గ్ బొమ్మలు నొక్కి జాడలు నమోదు చేసే ‘సైబర్‌ట్రాకర్’ తయారుచేశాడు. సైన్సు పుట్టిందే జాడ తీయడంలోంచి అంటాడాయన. నేను నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను.

ఇప్పుడు ఇదే కరూలో వేటంటే ఏమిటి? జీపు మీద సెర్చ్‌లైటు, కుందేలు ఏడుపు వినిపించే స్పీకరు, దుర్భిణీ బిగించిన తుపాకీ. ఆకలితో వచ్చిన నక్కను కాల్చేసి మీసం మెలేయడం! ఇదీ ఒక వేటేనా? ఇక విషపు ఎరలైతే రాబందుల్నీ, చెదలు తినే గబ్బిలపు చెవుల నక్కనీ కూడా పొట్టన పెట్టుకుంటాయి. రైతుల గొర్రెలు నక్కలకూ కారకల్‌లకూ బలవుతున్నాయి, కాదనను. కానీ గొంతు కింద కొరికితే నక్క, ఒంటిమీద గోళ్ల గాట్లుంటే కారకల్ అని జాడ చెబుతుంది. దొంగెవరో జాడకు తెలుసు, స్పీకరుకేం తెలుసు?

బోట్స్వానా 2014లో వేట నిషేధించి ఈ జాడ పండితుల్నే దొంగల్ని చేసింది. 2019లో గానీ ఎత్తేయలేదు. నమీబియాలోని న్యే న్యేలో మాత్రం విల్లుతో వేటకు నేటికీ అనుమతి ఉంది. ఆ ఒక్క దీపాన్నైనా ఆర్పకండి. ఇది పుస్తకంలో దొరికే చదువు కాదు. తాత వెనక మనవడు నడవాలి, ఆ ఇసుకలోనే నడవాలి.