కోరంగి బురద సొగసు

కాకినాడ పక్కన కోరంగికి వచ్చినవాళ్లు చెక్కవంతెన మీద నడుస్తూ మడచెట్ల పచ్చదనం చూసి మురిసిపోతారు. నన్ను మాత్రం కిందనున్న బురదే కట్టిపడేస్తుంది. పాటు తీసి నేల బయటపడ్డాక ఒక్క పీత బొరియను వంగి చూడండి. చుట్టూ మట్టి నల్లగా ఉంటుంది, బొరియ గోడ మాత్రం తుప్పు రంగు. ఆ రెండు రంగులూ కలిసేచోట గోరంత మందంలో ఎంత బతుకు నడుస్తోందో!

గాలి చొరని బురదలో బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటుతో ఊపిరి తీసుకుంటాయి. అందులోంచి పుట్టే సల్ఫైడు ఇనుముతో కలిసి మట్టిని నల్లబరుస్తుంది. పీత తవ్విన దారినో, తెల్ల మడ పైకెత్తిన శ్వాసవేళ్ల దారినో ఆక్సిజన్ దిగితే అదే ఇనుము తుప్పుపట్టి ఎర్రబారుతుంది, భాస్వరాన్ని తనతో పట్టి ఉంచుతుంది. అమ్మోనియా అక్కడే నైట్రేటవుతుంది. ఆ నైట్రేటు వెంట్రుకవాసి లోపలికి జారిందా, వేరే బాక్టీరియా దాన్ని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. ఇంత ఇరుకులో ఇంత నిండైన రచన నేను మరెక్కడా చూడలేదు.

ఆకు రాలే తీరులోనూ అదే పొదుపు. రాల్చేముందే చెట్టు ఆకులోని నత్రజనిని చాలావరకు వెనక్కి తీసుకుంటుంది. రాలిన పండుటాకును పీత డెక్కతో పట్టి బొరియలోకి ఈడ్చుకుపోతుంది. అది తినగా మిగిలిన తునకలకు శిలీంధ్రాలు, బాక్టీరియా పట్టి సారం చేరుస్తాయి. నీటితోపాటు పాయల్లోకి కొట్టుకుపోయినవి రొయ్యపిల్లలకు మేత.

కొన్నిచోట్ల ఈ చక్రం తెగిపోయింది. చెట్లు నరికాక ఎండకు నేల కుంగింది. పోటుకు ఎక్కిన నీళ్లు తిరిగి పోలేక అక్కడే ఎండి, ఉప్పు పేరుకుంది. 1990ల చివరి నుంచి అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి గోదావరి మడల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, అటూ ఇటూ పిల్లకాలువలు, వాటి వాలులో మడ మొక్కలు. నీటికి దారి ఇచ్చారు, ఉప్పు కడిగే పని ఆటుపోట్లకే వదిలారు. ఆ ఔచిత్యానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అయితే మొక్కలు కొన్నేళ్లలో గుబురుగా ఎదిగినా, నేలలో సేంద్రియ పదార్థం పేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఈలోగా పిల్లకాలువలు ఒండ్రుతో పూడితే పోటు ఆగుతుంది, ఉప్పు తిరిగొస్తుంది. నాటిన హెక్టార్ల లెక్క చెప్పి ఊరుకుంటే చాలదు. పూడిక తీయిస్తూ ఉండాలి, చెట్లతోపాటు మట్టినీ పరీక్షిస్తూ ఉండాలి.