జెర్డను పక్షిచిత్రములు – తెలుగు పేర్లు

పాతకాలపు పక్షిచిత్రములను గోడల కలంకారములుగా నెంచుట నేడు పరిపాటి. ఆ దృష్టితో మాత్రమే చూచినచో, టి. సి. జెర్డను మదరాసున 1843–47 నడుమ వెలువరించిన ‘ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ’ విలువ సగమైనను తెలియరాదు. అందలి 50 చిత్రములు రాతియచ్చున గీతలుగా దిగి, ఆపై చేతితో రంగులు పొందినవి. కావున ఒక ప్రతిలోని ఛాయ మరియొక ప్రతిలో అచ్చముగా నుండదు. చిత్రరచనలో దేశీయ చిత్రకారుల హస్తమున్నది. గ్రంథముపై పేరు మాత్రము జెర్డనుదే.

రంగు ఈకను చూపును. ఆ పక్షిని ఎరిగినవా రెవరో పేరు చెప్పును. జెర్డను ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ (1862–64)లో తెలుగు పేర్లనుగూడ చేర్చెను. నేటి కలివికోడికి ‘అడవి ఉత్తతిత్తి’ యను పేరు అతడు నమోదు చేసినదే. 1848లో బ్లైత్ శాస్త్రనామ మొసగిన యీ పక్షి 1900లో అనంతపురము చెంత కనబడి, పిమ్మట మరుగై, 1986లో కడపజిల్లా రెడ్డిపల్లె యొద్ద స్థానిక వేటకానిచేత చిక్కెను. శాస్త్రజ్ఞుల కందనిది పల్లెవాని కంటి కందినది.

అనంతపురసీమ నానుకొనిన పావగడ తాలూకాలో, రాయచెర్లు వంటి పల్లెలలో, పెద్దల నోట నిలిచిన పక్షినామములను సేకరించి ఈ చిత్రముల ప్రక్క చేర్చవలెను. జెర్డను గ్రంథమునకు తెలుగువారు వ్రాయదగిన వ్యాఖ్యానమదియే.