తీసినకొద్దీ ఊరే నీళ్లు

సంగారెడ్డిలో ఒక ఆసుపత్రి వార్డు బయట వినిపించిన మాట ఈ వారం ఈ కాలమ్‌కు చిరాకు తెప్పించింది. లోపల మంచం మీద ఉన్నది పాశమైలారంలో లోడింగ్ పనికి పోయే మనిషి. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం మొలతాడు చర్మంలోకి దిగిపోయేంతగా ఉబ్బింది. డాక్టర్ ‘ట్యాపింగ్’ చేయాలన్నారు. ఊరి నుంచి చూడటానికి వచ్చిన ముసలాయన ఆ మనిషి భార్యను పక్కకు పిలిచాడు. “నీళ్లు తీపియ్యకు బిడ్డా. ఒక్కపారి తీసిన్రంటే ఇగ ఊరుతనే ఉంటయ్. మా తమ్ముడు గట్లనే పోయిండు” అన్నాడు. ఆమె సంతకం పెట్టాల్సిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

నీళ్లు ఊరేది సూది గుచ్చినందుకు కాదు. కాలేయం గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. ఆ ఒత్తిడికి నీరు పొట్టలోకి దిగుతుంది, పైగా కిడ్నీలు ఉప్పును బయటికి వదలవు. ఆ రెండూ అలాగే ఉన్నంతకాలం తీసినా ఊరతాయి, తీయకపోయినా ఊరతాయి. అన్ని పొట్టలకూ తాగుడే కారణమనుకోవడం ఇంకో పొరపాటు. హెపటైటిస్ బి, సి ఉన్నాయి, కాలేయానికి కొవ్వు పట్టడం ఉంది. టీబీ, క్యాన్సర్, గుండె జబ్బుల్లోనూ పొట్టలో నీరు చేరుతుంది. అందుకే మొదటిసారి నీరు పట్టినప్పుడు కొంచెమైనా తీసి ల్యాబ్‌కు పంపాలంటారు.

ఇంతకీ ట్యాపింగ్ చేసే గదిలో జరిగేదేమిటి? ముందు మూత్రానికి పోయి రమ్మంటారు, సూదికి మూత్రాశయం అడ్డు రాకుండా. వెల్లకిలా, కాస్త ఎడమకు ఒరిగేలా పడుకోబెడతారు. స్కానింగ్‌లో చూసి, సాధారణంగా పొట్ట కింది భాగంలో ఎడమవైపు చోటు ఎంచుకుంటారు. బెటాడిన్ పూసి మత్తు సూది ఇస్తారు. మంట పుట్టేది ఆ కాసేపే, తర్వాత తెలిసేది నొక్కుడు మాత్రమే. చర్మాన్ని కొంచెం పక్కకు లాగి పట్టుకుని మరీ సూది దించుతారు. చేయి వదిలాక చర్మంలోని రంధ్రం, లోపలి రంధ్రం ఒకదాని మీద ఒకటి ఉండవు కాబట్టి తర్వాత కారడం తగ్గుతుంది. సూదిని వెనక్కి లాగేసి, మెత్తటి ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలే ఉంచి, సెలైన్ సెట్టు లాంటి ట్యూబుతో సంచికో బాటిల్‌కో కలుపుతారు. ఎండుగడ్డి రంగు నీరు దిగుతుంది. ఎక్కువ తీయాలంటే కొన్ని గంటలు పడుతుంది, మధ్యమధ్య సిస్టర్ వచ్చి బీపీ చూస్తుంది. మూడో లీటరు దాటేసరికి చాలామంది మొదట అనేది ఒకటే: ఊపిరి ఆడుతోందని. అప్పటిదాకా రెండు ముద్దలకే కడుపు నిండినవాళ్లు అన్నం అడుగుతారు.

ఈ కాలమ్‌ను ఏళ్లుగా చదివేవాళ్లకు దీని రెండు పాత గొడవలు తెలుసు. ఒకటి ఇంగ్లీషు సంతకం కాగితం. పైన రాసినదంతా అరపేజీ తెలుగులో అచ్చేసి ఇస్తే ఆ కొంగు ముడి పడేదే కాదు. రెండోది పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు కలిసే నక్కవాగు. పొట్ట నీళ్ల కథలో నక్కవాగేమిటని నవ్వేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ల్యాబ్‌కు పంపిన నీళ్లలో మొదట లెక్కించేది తెల్ల కణాలను. వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం ఘనపు మిల్లీమీటరుకు 250 దాటితే లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు, కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టాల్సిందే. ఒకసారి అది వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రాకుండా రోజూ నార్‌ఫ్లాక్ససిన్ మాత్ర రాయడం వాడుకలో ఉన్న పద్ధతి. సిప్రోఫ్లాక్ససిన్ దానికి తోడబుట్టినదే. ఇప్పుడు నక్కవాగు పారే పటాన్‌చెరుకు వద్దాం. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చి చేరే ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉంది. మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఒక్క రోజులో పోయింది 44 కిలోలని, స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడేంత అని ఆ బృందం లెక్క కట్టింది. నార్‌ఫ్లాక్ససిన్ కూడా అందులో దొరికింది. ఇక్కడే వైద్యం చేస్తూ దశాబ్దాల పాటు ఈ కాలుష్యం మీద కోర్టుల చుట్టూ తిరిగిన డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు అప్పటికే అరిచి అరిచి ఉన్నారు. ఆ నీళ్ల వల్ల ఎవరి కాలేయమో పాడైందని ఈ కాలమ్ అనడం లేదు. చెప్పేది ఒక్కటే: మందుల మధ్య బతకడం మరిగిన సూక్ష్మజీవికి, పొట్టను కాపాడాల్సిన మాత్ర అంటే భయం ఉండదు.

మళ్లీ ముసలాయన దగ్గరికి. ఆయన మాటను మూఢనమ్మకమని కొట్టేయడానికే ఈ వారం రాత మొదలైంది. కానీ పాత పుస్తకాలు తిరగేస్తే ఆ పని అంత సులువుగా సాగలేదు. సుశ్రుత సంహితలో జలోదరానికి శస్త్రచికిత్స ఉంది: బొడ్డుకు దిగువన ఎడమ పక్కకు నాలుగు వేళ్ల దూరంలో, వ్రీహిముఖమనే పరికరంతో గుచ్చి, గొట్టం పెట్టి నీరు తీయమంటుంది. ఒకే రోజు మొత్తం తీయొద్దని, తీస్తే దప్పిక, జ్వరం, ఆయాసం వస్తాయని, తీశాక పొట్టను బిగించి కట్టమని కూడా హెచ్చరిస్తుంది. వియన్నాలో సంగీతకారుడు బీథోవెన్‌కు 1826 డిసెంబర్ నుంచి 1827 ఫిబ్రవరి లోపు నాలుగుసార్లు నీళ్లు తీశారు, మార్చి 26న చనిపోయాడు. మూత్రం పోయించే మాత్రలు వచ్చాక, లీటర్లకు లీటర్లు తీస్తే బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి అని డాక్టర్లే చాలాకాలం ఈ పనికి వెనకాడారు. 1980లలో బార్సిలోనా వైద్యులు దీన్ని మళ్లీ తెరిచారు. నీళ్లు తీసి, ఆల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్ ఎక్కిస్తే కిడ్నీల ఇబ్బంది బాగా తగ్గుతుందని 1988లో అక్కడి జినెస్ బృందం చూపించింది. అంటే ఆల్బుమిన్ లేకుండా గబగబా తోడేసిన రోజుల్లో తమ్ముడు పోయి ఉంటే, అన్న చూసింది నిజమే చూశాడు.

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. ఉప్పు తగ్గించి, మాత్రలు వేసినా లొంగక, పదేపదే తోడించుకోవాల్సి వచ్చే దశ నిజంగానే గడ్డుది. కాలేయ మార్పిడి జరగకపోతే ఆ దశకు వచ్చినవాళ్లలో సుమారు సగంమంది ఏడాది దాటరు. సూది వల్ల కాదు, సూది అవసరమైనంతగా జబ్బు ముదిరినందువల్ల. వార్డు బయట నిలబడ్డవాళ్లకు మాత్రం కనిపించేది సూదే. కాబట్టి ముసలాయన మీద కోపం పోయింది. ఆయన భయాన్ని ఎదిరించడం కాదు, దాన్నే రెండు ప్రశ్నలుగా మార్చి డాక్టర్‌ను అడగాలి. ఎన్ని లీటర్లు తీస్తారు? ఆల్బుమిన్ ఎవరు తెస్తారు?

రెండోది డబ్బు ప్రశ్న. ఐదు లీటర్లు దాటితే, తీసిన ప్రతి లీటరుకు సుమారు 8 గ్రాముల ఆల్బుమిన్ ఇవ్వాలంటారు. 20 శాతం మందు 100 మిల్లీలీటర్ల బాటిల్‌లో ఉండేది 20 గ్రాములు. ఎనిమిది లీటర్లకు మూడు బాటిళ్ల పైమాటే, బాటిల్ ధర వేలల్లో. దినకూలీకి పోయే మనిషి ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లేలోపు, ఆసుపత్రి స్టాకులో ఉందా, ఆరోగ్యశ్రీలో వస్తుందా అని అడగాలి. లేదంటే ఒకేసారి అన్ని లీటర్లు కాక తక్కువ తీయమని మాట్లాడుకోవచ్చు.

ఇంటికొచ్చాక సూది గుచ్చిన చోట ఒకటి రెండు రోజులు తడి కారితే కంగారు అక్కర్లేదు, ఆ పక్కకు కాక రెండో పక్కకు తిరిగి పడుకుంటే తగ్గుతుంది. రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచాడు, అంటే 5 గ్రాములు. ఆవకాయ, అప్పడాలు ఆ లెక్కలోవే. జ్వరం, కడుపు నొప్పి, నల్లటి విరేచనం అయితే అదే రోజు ఆసుపత్రికి. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, మాట ముద్దగా రావడం, చేతులు వణకడం కూడా అంతే అత్యవసరం. అది కాలేయం తొలగించలేని విషం మెదడుకు ఎక్కడం. ఇంట్లోవాళ్లు మళ్లీ తాగొచ్చాడనుకుని తిట్టి పడుకోబెడతారు. తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయాల్సింది ఆ రాత్రే.