గని గోడల కాపరులు

సింగరేణి ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గు తీయు మహాయంత్రములను జూచి విస్మయమందువారు పెక్కురు గలరు గాని, మెట్లుమెట్లుగాఁ గోసిన గోడల వాలును గొలుచుచు, అంచున నొక నెఱ్ఱె కనఁబడినను దాని కిరువైపుల గుర్తులు పాతి యెడము పెరుగుచున్నదేమో యని పరీక్షించు సర్వేయరులను దలఁచువా రరుదు. రాతిపొరల నడుమఁ జేరిన వాననీటి యొత్తిడియే గదా వాని పట్టు సడలించి గోడను జాఱవిడుచునది! కావుననే పైనీటిని ముందుగాఁ గాలువలఁ ద్రిప్పుదురు. మిల్లీమీటరు కదలికను సైతము పసిగట్టు రాడారు లిపుడు కలవు. ఐనను ఆ సూచనను నమ్మి, ఉత్పత్తి యాఁగినను సరే యని పనివారిని వెలికిఁ బంపు నధికారి వివేకమునకే నా తొలి నమస్కారము. బొగ్గు తీయుట ముగిసిన పిమ్మటను ఈ కాపుదల యాఁగరాదు; అందులకగు గని మూసివేతకై హెక్టారునకు 6 లక్షల రూపాయల చొప్పున లెక్కించి, ఏటేట ఎస్క్రో ఖాతాలో జమచేయవలెనని 2009లో కేంద్ర బొగ్గుశాఖ విధించినది. బొగ్గు అమ్ముడుపోవుచుండఁగనే యీ ధనమును వేరుపఱచుట న్యాయము, ఏలయన మట్టిగుట్టల వాలు దిద్ది మొక్కలు నాటువారికిని కూలి చెల్లింపవలయును.