‘హమారా షహర్’: ఎవరి నగరం?

ఇల్లులేని మనిషిపై జాలి కురిపించే రచనలు మనకు కొత్తకాదు. 1985లో ఆనంద్ పట్వర్ధన్ తీసిన ‘హమారా షహర్’ డాక్యుమెంటరీ జాలి దగ్గర ఆగదు. బొంబాయిలో గుడిసెల కూల్చివేతను చూపుతూ, ఈ నగరం ఎవరిదని అడుగుతుంది. మేడలు కట్టిన కూలీలనే ఆక్రమణదారులంటారు అధికారులూ, సంపన్నులూ. ఆ మాటలను వాళ్ల నోటనే వినిపించి, పక్కనే కూలిన గుడిసెను చూపడంలో చిత్రం బలం ఉంది.

అదే 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని అంగీకరించింది. పని దొరికే చోటికి దగ్గరగా ఉండక పేదలకు గత్యంతరం లేదనీ గుర్తించింది. అయినా కాలిబాటను ఆక్రమించే హక్కు ఎవరికీ లేదనీ, వానాకాలం వెళ్లాక ఖాళీ చేయించవచ్చనీ తేల్చింది. హక్కు కాగితం మీద, మనిషి రోడ్డు మీద! ఈ వైరుధ్యాన్ని పట్టించుకోని సాహిత్యం ఎంత కన్నీరు కార్చినా పాలకవర్గానికి ఇబ్బంది లేదు.

చిత్రంలో ఒక స్త్రీ దర్శకుణ్ణే నిలదీస్తుంది, మా బొమ్మలు తీసుకుని మాకేం చేస్తారని. ఆ ప్రశ్నను ఆయన కత్తిరించకపోవడం నిజాయితీ. పేదలపై కథ రాసి పేరు తెచ్చుకునే మనకూ అది తగులుతుంది. గుడిసెవాసుల పోరాటంలో మన పాత్రేమిటో తేల్చుకోకుండా ఆమెకు జవాబు చెప్పలేం.