తగలని కత్తి: రినైసాన్స్ ఫెయిర్లలో రంగస్థల పోరాట కళ

నాటకంలో మాటకు దక్కిన విమర్శ కత్తికి దక్కలేదు. ఒక పాత్ర పలికిన సంభాషణను గురించి పుటలకు పుటలు వ్యాఖ్యానించే విమర్శకుడు, అదే పాత్ర కత్తి దూసిన మరుక్షణం కలం పక్కన పెడతాడు. పోరాట దృశ్యాన్ని కథలో ఒక మలుపుగానో, ప్రేక్షకుల ఉత్సాహం కోసం చేర్చిన హంగుగానో భావించడం నాటక విమర్శలో తరచుగా కనిపించే అలవాటు. అయితే పోరాటమే ప్రదర్శనగా నిలిచే రంగం ఒకటి ఉంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఏటా జరిగే రినైసాన్స్ ఫెయిర్లలో పోరాట బృందాలు ప్రదర్శించే కళ అది. దానిని వట్టి వినోదమని తోసిపుచ్చడం సులభం. చరిత్రకు అపచారమని నిందించడం అంతకంటే సులభం. ఆ రెండు తీర్పులకూ లొంగని గుణం, ఆ రెండు తీర్పులూ పట్టుకోలేని లోపం ఈ కళలో ఉన్నాయి. వాటిని వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రినైసాన్స్ ఫెయిర్ అంటే మన తిరునాళ్ళ సందడిని తలపించే సంత. 16వ శతాబ్దపు ఇంగ్లండు గ్రామాన్ని, ముఖ్యంగా మొదటి ఎలిజబెత్ రాణి పాలనాకాలాన్ని (1558–1603) తలపుకు తెచ్చే వీథులు, వేషధారులు, చేతివృత్తుల అంగళ్ళు, పాటలు, గుర్రపు రౌతుల ఈటెల పోటీలు అందులో ఉంటాయి. 1963 మే నెలలో ఫిల్లిస్ ప్యాటర్సన్ అనే ఉపాధ్యాయురాలు, ఆమె భర్త రాన్ ప్యాటర్సన్ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఇటువంటి సంబరాన్ని తొలిసారి నిర్వహించారు. శ్రోతల విరాళాలతో నడిచే కె.పి.ఎఫ్.కె. రేడియో కేంద్రానికి నిధులు సమకూర్చడం నాటి లక్ష్యం. 1971లో మిన్నెసోటాలోను, 1974లో టెక్సాస్‌లోను వెలసిన ఫెయిర్లు ఈ సంప్రదాయాన్ని కాలిఫోర్నియా ఎల్లలు దాటించాయి. రేచల్ లీ రూబిన్ 2012లో వెలువరించిన అధ్యయన గ్రంథం ఈ సంతల పుట్టుకను 1960ల నాటి అమెరికన్ యువతరపు ప్రతిసంస్కృతి ఉద్యమంతో ముడిపెట్టి వివరించింది. గతాన్ని పునర్నిర్మించాలన్న పట్టుదల కంటె, వర్తమానపు కట్టుబాట్ల నుంచి ఒక పూట విడుదల పొందాలన్న కోరిక ఈ సంతలకు ఊపిరి పోసిందని గుర్తిస్తే, అందులోని కత్తి ఆటను సరిగా అంచనా వేయడం సాధ్యమవుతుంది.

ఇటువంటి సంతలో పోరాట బృందం ప్రదర్శన సుమారు అరగంట సాగుతుంది. ఇద్దరు సైనికులో, ఒకే కన్యను వలచిన ఇద్దరు యువకులో తగవు పడతారు. మాటకు మాట పెరిగి కత్తులు దూస్తారు. గెలిచినవాడు చప్పట్లకు తల వంచుతాడు. ఓడినవాడు లేచి దుమ్ము దులుపుకొని, టోపీ చేతపట్టి డబ్బుల కోసం జనం మధ్యకు వస్తాడు. మరికొన్ని చోట్ల నేలమీద పెద్ద చదరంగపు గళ్ళు గీసి, పావులుగా మనుషులను నిలబెడతారు. ఒక పావు మరొక పావును తీయవలసిన ప్రతిసారీ ఆ ఇద్దరూ పోరాడతారు. వారమంతా వేరే ఉద్యోగాలు చేసుకొని శని, ఆదివారాలలో వేషం కట్టేవారు కూడా ఈ బృందాలలో ఉంటారు. ఎండలో, తోలు కవచాలతో, బరువైన దుస్తులతో, ఒకే ఆటను రోజుకు అనేకసార్లు ఆడడం వారి శ్రమ.

ఈ పోరులో ప్రతి అడుగూ ముందే కూర్చినది. మన చలనచిత్రాలలో ఫైట్ మాస్టరు చేసే పనినే ఇక్కడ పోరాట నిర్దేశకుడు చేస్తాడు. అయితే సినిమాకు ఉన్న కెమెరా కోణం, ఎడిటింగు, రెండవ టేకు ఇక్కడ లేవు. కత్తులు ఉక్కువే. అంచు మొద్దుచేసి, మొన గుండ్రంగా అరగదీసి వాడతారు. మొద్దుకత్తి అయినా కన్ను పోగొట్టగలదు, వేలు విరగ్గొట్టగలదు. అందువల్ల సాధన అతి మందగతిలో మొదలై, శరీరానికి అలవాటైన కొద్దీ వేగం పుంజుకుంటుంది. ఉదయం ఒకసారి ఆడిన పోరైనా సరే, మధ్యాహ్నం ఆడేముందు తక్కువ వేగంతో మొత్తం నడిపి చూసుకోవడం వృత్తి నియమం.

దెబ్బ నిర్మాణం మరింత ఆసక్తికరమైనది. కొట్టేవాడు కళ్ళు కలిపి, చేయి ఎత్తి, తన ఉద్దేశాన్ని తెలియజేస్తాడు. తినేవాడు సిద్ధమైనట్లు స్పందిస్తాడు. ఆ తరువాతనే కత్తి కదులుతుంది. అది శరీరానికి అందని దూరంలో సాగుతుంది, లేదా ప్రత్యర్థి అప్పటికే ఖాళీ చేసిన చోటు మీదుగా పోతుంది. జుట్టు పట్టి ఈడ్చే దృశ్యంలో కదలికను నడిపేది ఈడ్వబడుతున్నవాడే. లాగుతున్న చేతిలో బలం ఉండదు. చెంపదెబ్బ చప్పుడును చాలా సందర్భాలలో దెబ్బతిన్నవాడే తన అరచేతితో రహస్యంగా పుట్టిస్తాడు. కొట్టేవాడు ప్రతిపాదించిన దెబ్బను తినేవాడు నిజం చేస్తాడన్నమాట. పగను అభినయించడానికి ఇద్దరు మనుషులు ఒకరి దేహానికి ఒకరు కాపలా కాయడం ఈ కళకు మూలసూత్రం. 1977లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ అమెరికన్ ఫైట్ డైరెక్టర్స్ ఆయుధాలవారీగా నిర్వహించే నైపుణ్య పరీక్షలలో భద్రతతో పాటు అభినయాన్ని కూడా తూచడం ఈ దృష్టితో చూస్తే ఎంతో సమంజసం.

ఈ కళను దానికి సమీపంగా కనిపించే మరొక ఆటనుంచి వేరుచేసి చూడాలి. 1966లో బర్క్‌లీలో ఒక ఇంటి పెరట్లో జరిగిన వేడుకతో మొదలైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం సభ్యులు కవచాలు తొడిగి, పేము బెత్తాలతో చేసిన ఆయుధాలతో నిజంగానే కొట్టుకుంటారు. అక్కడ గెలుపు ముందుగా ఎవరికీ తెలియదు. ఆయుధం కర్రదైనా పోటీ నిజమైనది. ఫెయిర్ వేదికపై ఆయుధం ఉక్కుది, పోటీ కల్పితం. మొదటిది క్రీడ, రెండవది నాటకం. క్రీడకు ఫలితం చాలు. నాటకానికి అర్థం కావాలి. ఫెయిర్ బృందాలపై విమర్శ పెట్టవలసిన కొలమానం ఇదే.

రంగస్థల నిర్మాణం కూడా ఈ కళాకారులకు అనుకూలం కాదు. తెర, చట్రం ఉన్న నాటకశాలలో ప్రేక్షకుడు ఒకే దిక్కున కూర్చుంటాడు. ముష్టిఘాతానికీ ముఖానికీ నడుమ ఉన్న జానెడు ఎడాన్ని నటుని వీపు కప్పివేయగలదు. సంతలో జనం మూడు వైపులా, కొన్నిసార్లు నాలుగు వైపులా మూగుతారు. ఒకరికి కప్పిన ఎడం మరొకరికి కనిపించి తీరుతుంది. కనుక నిపుణులైన బృందాలు కప్పిపుచ్చే దెబ్బలను తగ్గించి, కత్తికి కత్తి తగిలే నడకలను, అడుగుల లయను, శ్వాసను ఆశ్రయిస్తాయి. అనుభవం చాలనివారు చప్పుడును ఆశ్రయిస్తారు. ప్రత్యర్థి దేహాన్ని వదిలి అతని కత్తినే లక్ష్యంగా చేసుకొని కొట్టే పోరు కమ్మరి కొలిమిని తలపిస్తుంది. ప్రమాదం ఎటునుంచి వస్తున్నదో తెలియని చోట ప్రేక్షకునికి భయం కలగదు. భయం లేని చోట వీరమూ పండదు.

చరిత్ర దృష్టితో చూస్తే ఈ ప్రదర్శనకు ఊహించినదానికంటె గట్టి ఆధారమే ఉంది. 1540లో ఎనిమిదవ హెన్రీ లండన్ ఖడ్గవిద్యా గురువులకు అధికార పత్రం మంజూరు చేశాడు. వారి సంఘంలో శిష్య స్థాయి నుంచి గురు స్థాయికి చేరదలచినవాడు బహిరంగంగా పోరాడి అర్హత నిరూపించుకోవాలి. ఈ పరీక్షలు బిషప్స్‌గేట్‌లోని బుల్, లడ్‌గేట్ హిల్‌లోని బెల్ సావేజ్ వంటి సత్రాలలోను, థియేటర్, కర్టెన్ అనే నాటకశాలలలోను జరిగాయి. అంటే నాటకం ఆడిన చెక్కల మీదనే ఖడ్గవిద్యా పరీక్షలూ జరిగాయి. ఆనాటి ప్రసిద్ధ హాస్యనటుడు రిచర్డ్ టార్ల్‌టన్ 1587లో ఖడ్గవిద్యా గురువుగా గుర్తింపు పొందాడు. ఇటలీ పద్ధతిని బోధించిన విన్సెంషియో సావియోలో గ్రంథం 1595లోను, ఆ పద్ధతిని ఖండించిన జార్జ్ సిల్వర్ గ్రంథం 1599లోను అచ్చయ్యాయి. కాబట్టి కత్తిపోరును చూడడానికి జనం గుమిగూడడం ఆ యుగానికి పరాయి విషయం కాదు.

అయితే ఆ యుగంలో కత్తికి మరొక ముఖం ఉంది. నాటకకర్త క్రిస్టఫర్ మార్లో 1593లో డెట్‌ఫర్డ్‌లో కత్తిపోటుకు బలి అయ్యాడు. బెన్ జాన్సన్ 1598లో గేబ్రియెల్ స్పెన్సర్ అనే నటుణ్ణి ద్వంద్వయుద్ధంలో చంపి, ఉరికంబాన్ని త్రుటిలో తప్పించుకొని, బొటనవేలిపై కాల్చిన ముద్రతో బయటపడ్డాడు. నాటకం చూడవచ్చినవారికీ, ఆడినవారికీ కత్తి అంటే ఏమిటో తెలుసు. రోమియో అండ్ జూలియట్‌లో మెర్క్యూషియో గాయపడిన ఘట్టం దీనికి సాక్ష్యం. అతడు చమత్కారాలు ఆపడు. అతని మిత్రులు గాయాన్ని తేలికగా తీసుకుంటారు. కొద్దిసేపటికి ఆ నవ్వే గొంతులో ఆగిపోతుంది. నవ్వించిన కత్తి చేతనే షేక్స్పియర్ మౌనాన్ని సాధించాడు.

ఫెయిర్ బృందాలలో అధికభాగం ఈ రెండవ మెట్టు ఎక్కడానికి సాహసించవు. ప్రధానమైన ఆక్షేపణ ఇదే. ఆ సంతలో మహమ్మారి లేదు, ఆకలి లేదు, ఉరికంబం లేదు. ఆ శతాబ్దపు క్రౌర్యం లోపలికి రావడానికి మిగిలిన ద్వారం పోరాట వేదిక ఒక్కటే. ఆ ద్వారం గుండా కూడా హింస నవ్వుల వేషంలోనే వస్తుంది. పడినవాడు లేస్తాడు, జనం జయధ్వానం చేస్తారు, టోపీ తిరుగుతుంది. కుటుంబాలు పిల్లలతో వచ్చే చోట, ప్రదర్శకుల ఆదాయం ప్రేక్షకుల ఉల్లాసంపై ఆధారపడిన చోట విషాదం ఆడడం కష్టమన్న సమర్థన కొట్టిపారేయదగినది కాదు. హాస్యపు పోరు సులభమైనదీ కాదు. తడబాటును లయ తప్పకుండా అభినయించడానికి గంభీరమైన పోరుకంటె ఎక్కువ నైపుణ్యం కావాలి. అయినా హాస్యానికీ, హింసకు వెల లేదని నమ్మించడానికీ మధ్య తేడా ఉంది. మొదటిది కళ. రెండవది చరిత్రను గురించి చెప్పిన అసత్యం.

ఈ సమస్యను భారతీయ నాట్యశాస్త్రం ఏనాడో ఎదుర్కొన్నది. భారతం, సాత్వతం, వార్షగణ్యం, కైశికం అనే నాలుగు న్యాయాలను ఆయుధ ప్రయోగానికి విధించిన భరతుడు, రంగంపై ఛేదన భేదనాలు జరగరాదని, రక్తం చిందరాదని, ఆయుధాన్ని సంజ్ఞామాత్రంగా ప్రయోగించాలని నిర్దేశించాడు. తెలుగు పాఠకులకు ఈ శాస్త్రాన్ని అందించి 1960లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన పోణంగి శ్రీరామ అప్పారావు గ్రంథం తెరిస్తే, ఆధునిక పోరాట నిర్దేశకుని భద్రతా సూత్రాలకు పూర్వరూపం కనిపిస్తుంది. యుద్ధాన్ని, మరణాన్ని నాటకపు అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని కూడా ఆ శాస్త్రం విధించింది. వెల చెల్లించకుండా చావును చూపడం కంటె చూపకుండా ఉండడం మేలన్న వివేకాన్ని ఆ నిషేధంలో చదువుకోవచ్చు.

యుద్ధస్మృతిని సమాజం మరొక విధంగా కూడా నిలుపుకోగలదు. పల్నాడులోని కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్యతో మొదలై ఐదు రోజులు సాగే వీరారాధనోత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో 12వ శతాబ్దపు యుద్ధగాథ రోజుకొక ఘట్టంగా తిరిగి జీవిస్తుంది. అక్కడ ఆయుధం పూజావస్తువు. వీరుడు గెలిచాడా, ఓడాడా అన్న ప్రశ్నకంటె, అతడు తిరిగి రాలేదన్న స్పృహ బలమైనది. అది ఆరాధన, ఇది వినోదం. ఒకదాని నియమాలను మరొకదానిపై రుద్దడం న్యాయం కాదు. కాని పడినవాని పట్ల ఒక క్షణం మౌనం పాటించడం వినోదానికి కూడా అసాధ్యమేమీ కాదు.

ఉత్తమమైన పోరాట బృందాన్ని గుర్తించడానికి మూడు గుర్తులు చాలు. కత్తి దూయడానికి ముందు, అది తప్ప మరో దారి లేదని ప్రేక్షకునికి తోచాలి. పోరు నడుస్తున్నంతసేపూ ఎవరు ఏమి పోగొట్టుకోబోతున్నారో తెలుస్తూ ఉండాలి. పోరు ముగిశాక గెలిచినవాని ముఖంలో కూడా దాని ఖర్చు కనిపించాలి. ఈ మూడూ సిద్ధించిన చోట దుస్తుల కుట్టు యుగానికి సరిపోయిందా, కత్తి పిడి నమూనా సరైనదా అన్న ప్రశ్నలు రెండవ వరుసలోకి పోతాయి.

మన దేశంలోనూ కోటలలో, ప్రాచీన రాజధానులలో ఉత్సవాలు జరుగుతున్నాయి. యుద్ధఘట్టాలను వేదికకెక్కించాలన్న ఉత్సాహం నిర్వాహకులకు సహజం. కొనవలసిన కత్తుల సంఖ్యను, వేషాల ఖర్చును అంచనాలలో చేర్చినంత శ్రద్ధగా సాధనకు కావలసిన వారాలను, పోరాట నిర్దేశకుని వేతనాన్ని కూడా చేర్చడం వారి బాధ్యత. ఆ సాధన లేనిచోట మొదట గాయపడేది కళాకారుడు, తరువాత చరిత్ర. అమెరికా సంతలలోని పోరాట బృందాలు మొదటి గాయాన్ని నివారించే విద్యను శ్రద్ధగా పెంపొందించుకున్నాయి. శత్రువుగా నిలిచినవాని కళ్ళలోకి చూసి, అతడు సిద్ధమయ్యాడని తెలుసుకున్న తరువాతనే చేయి కదిలించాలన్న ఆ నియమం ఏ దేశపు రంగస్థలానికైనా శిరోధార్యం. రెండవ గాయాన్ని నివారించడం వారికీ, మనకూ మిగిలి ఉన్న పని.